అమెరికా జ్యూక్‌బాక్స్‌లో పాట నెమ్మదిగా సాగుతుంటే

అమెరికా నుంచి వచ్చిన మీ జ్యూక్‌బాక్స్‌లో (నాణెం వేస్తే రికార్డు పాడే పెట్టె) ఉన్నది 60 హెర్ట్జ్ మోటారు, ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్. 230 వోల్టులను 117కి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా పాట నెమ్మదిగా వస్తోందన్నారు కదా, రావడం సహజమే. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుంది గానీ ఫ్రీక్వెన్సీని, అంటే ఆ హెర్ట్జ్ లెక్కని, మార్చదు. మోటారు వేగం ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది కాబట్టి, అది ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది.

ముందు నిర్ధారించుకోండి. రికార్డు అంచున చిన్న కాగితం ముక్క అంటించి, నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టండి. 45 చుట్లు తిరగాల్సిన రికార్డు నిలకడగా 37, 38 తిరిగితే కారణం ఇదే. అంతకన్నా తగ్గినా, చుట్టుచుట్టుకీ మారినా, బేరింగుల్లో నూనె గట్టిపడిందన్నమాట, లేదా ఐడ్లర్ చక్రం (మోటారు తిరుగుడును రికార్డు పళ్లేనికి అందించే చక్రం) రబ్బరు నునుపెక్కి జారుతోంది. దాన్ని ముందు బాగుచేయాలి.

వేగం పెంచడానికి కొందరు ఐడ్లర్ చక్రం సైజు మారుస్తారు. దండగ! అది చలనాన్ని అందించేదే, దాని వ్యాసంతో వేగం మారదు. మార్చాల్సింది మోటారు షాఫ్ట్ (ఇరుసు) వ్యాసం: 1.2 రెట్లు. షాఫ్ట్ 6 మి.మీ. ఉంటే దాని మీద తొడిగే ఇత్తడి గొట్టం (స్లీవ్) బయటి వ్యాసం 7.2 మి.మీ. కావాలి. 0.07 మి.మీ. తేడా వస్తే వేగం ఒక శాతం తప్పుతుంది, కాబట్టి వెర్నియర్‌తో కొలవండి. స్లీవ్‌ను షాఫ్ట్ మీద బిగుతుగా ఎక్కించాకే లేత్ మీద చివరి కోత వేయించండి. కేంద్రం ఏమాత్రం తప్పినా పాట వణుకుతుంది. పియానో స్వరాల్లో అది భరించలేం.

ఇంకో సంగతి: 60 హెర్ట్జ్‌కి చేసిన ట్రాన్స్‌ఫార్మర్లు 50 మీద ఎక్కువ వేడెక్కుతాయి. 117 బదులు 110 వోల్టులు ఇచ్చి, గంట నడిపాక మోటారునీ యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్‌నీ ప్లగ్గు తీసి తాకి చూడండి. చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడిగా ఉంటే అలాగే నడపొద్దు.