1965 జీటీ350 మోడల్‌కి నీలం వేయొచ్చా?

అసలు కారులో 24వ వంతు సైజుండే (1/24) ప్లాస్టిక్ కిట్‌లోని 1965 షెల్బీ జీటీ350కి, అంటే ఫోర్డ్ మస్టాంగ్‌ని మార్చి షెల్బీ చేసిన అమెరికన్ స్పోర్ట్స్ కారుకి, నీలం వేసి తెల్ల చారలు పెట్టొచ్చా అని అడిగారు. వద్దండి. ఆ ఏడాది అమ్మకానికి వచ్చినవన్నీ వింబుల్డన్ వైట్ అనే తెలుపులోనే వచ్చాయి. వేరే రంగులు 1966 మోడల్‌తోనే మొదలయ్యాయి.

నీలం మీద తెల్ల చారలు బాగా గుర్తుండిపోవడానికి కారణం షెల్బీ డేటోనా కూపే అనే రేసు కారు. 1965లో జీటీ ఛాంపియన్‌షిప్ గెలిచింది అదే. కానీ రేసుల్లో ఒక్కో దేశానికి ఒక్కో రంగు ఉండేది; అమెరికాది దానికి తిరగేసిన వరస: తెలుపు మీద నీలం. పాత పద్ధతిలో అమెరికా కారుకి బాడీ తెలుపు, చాసిస్ నీలం. తర్వాత బాడీయే చాసిస్‌ని కప్పేయడంతో ఆ నీలం చారలై పైకెక్కింది. అమెరికన్ రేసర్ బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ కార్లు ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసుకి వెళ్లింది ఈ రంగుల్లోనే; 1952లో ఆయన సీ-4ఆర్ కారు నాలుగో స్థానంలో వచ్చింది.

ఇంకో సంగతి. బానెట్ నుంచి డిక్కీ దాకా పోయే వెడల్పాటి జంట చారలు 1965లో అందరికీ ఇచ్చినవి కావు, కావాలన్నవాళ్లకే. డోర్ల కింద జీటీ350 అక్షరాలతో ఉండే నీలం గీత మాత్రం కారుతో వచ్చేదే. చాలా కార్లకి పై చారలు తర్వాతి యజమానులు వేయించుకున్నవే. అందుకే కింది గీత ఒక్కటే ఉన్న తెల్ల కారు నాకు ఎక్కువ నిజంగా అనిపిస్తుంది.

చారలు కావాలంటే ముందు తెలుపు. వింబుల్డన్ వైట్ పాలలాంటి తెలుపు కాదు, కాస్త మీగడ ఛాయ. 20 చుక్కల తెలుపుకి ఒక చుక్క క్రీమ్ రంగు కలిపి, ప్లాస్టిక్ చెంచా మీద వేసి చూసుకోండి. ఎనామెల్ అయితే కనీసం మూడు రోజులు ఆరనివ్వాలి, లేకపోతే టేప్‌తో పాటు రంగూ లేచొస్తుంది. బానెట్ బిగించి ఉంచే టేప్ వేయండి. విడిగా వేస్తే చారలు అతుకు దగ్గర కలవవు.

అసలు చిక్కు బానెట్ మీది స్కూప్ (గాలి లోపలికి పోయే ఉబ్బు) దగ్గర. నున్నగా ఉన్నచోట బాగా అంటుకున్న టేప్, స్కూప్ మొదట్లో వంపు తిరిగేచోట కొద్దిగా లేస్తుంది, నీలం దాని కిందికి పాకుతుంది. అక్కడ ఒకే పొడుగు టేప్ లాగకుండా మూడు ముక్కలుగా కోసి, టూత్‌పిక్‌తో మూలలోకి నొక్కండి. తర్వాత టేప్ అంచు మీద మళ్లీ అదే తెలుపు పలచగా కొట్టండి. పాకితే ఆ తెలుపే పాకుతుంది, కనపడదు. నీలం మూడు పలచని కోట్లు చాలు. పూర్తిగా గట్టిపడకముందే టేప్‌ని వెనక్కి మడిచి మెల్లగా లాగండి. ఒకే మందపాటి కోటు వేస్తే అంచున గట్టు మిగులుతుంది.

విశాఖలాంటి చోట వానాకాలంలో లాకర్ క్లియర్ కోట్ (రంగు మీద చివర్లో కొట్టే, త్వరగా ఆరే పారదర్శక పూత) పెట్టుకోకండి. గాల్లో తేమకి నీలం మీద తెల్లటి మసక కమ్ముకుంటుంది.