మడిచే ల్యాప్‌టాప్‌లో లైనక్స్: స్క్రీన్ తిరుగుతుంది, వేలిముద్రకు హామీ లేదు

ప్రశ్న: టాబ్లెట్‌లా వెనక్కి మడిచే ల్యాప్‌టాప్ కొన్నాను. లైనక్స్ వేస్తే స్క్రీన్ దానంతటదే తిరగడం, వేలిముద్ర, కెమెరా పని చేస్తాయా? ఏ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకం) మంచిది?

ముందు ఆ చివరి ముక్క పక్కన పెట్టండి. హార్డ్‌వేర్‌తో మాట్లాడేది లైనక్స్ మూలభాగమైన కెర్నెల్, దాని మీద నడిచే రెండు మూడు చిన్న సేవలు. అవి దాదాపు అన్ని డిస్ట్రోల్లోనూ ఒకటే, ఎంత కొత్త వెర్షన్ అన్నదే తేడా. ఏ సమస్య చెప్పుకున్నా "ఫలానా డిస్ట్రోకు మారండి" అనే మహానుభావులను చూస్తే ఒళ్లు మండుతుంది. జ్వరమొచ్చిందంటే ఇల్లు మారమన్నట్టు!

నాదీ మడిచే ల్యాప్‌టాపే. లైనక్స్ వేసి లాగిన్ అయ్యానో లేదో తెర తలకిందులైంది. మౌస్ పైకి జరిపితే బాణం కిందికి పోతోంది. ల్యాప్‌టాప్‌నే తలకిందులుగా పట్టుకున్నా తెర మళ్లీ తిరిగి, అక్షరాలు తలకిందులుగానే వేలాడుతున్నాయి. స్క్రీన్ తిరగకుండా ఆపే బొత్తాం నొక్కేసి ఊరుకోమన్నారు చాలామంది. ఊరుకునేదానికి మడిచే యంత్రం కొనడం దేనికి?

యంత్రం ఎటు తిరిగిందో కనిపెట్టే సెన్సర్ ఏమంటోందో చూద్దామని, టెర్మినల్‌లో 'మానిటర్-సెన్సర్' (monitor-sensor) ఆదేశం ఇచ్చి, ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా పట్టుకుని నాలుగు వైపులా తిప్పాను. నిటారుగా ఉంటే అడుగు భాగం పైన ఉందని రాస్తోంది. ఎడమ అంచు పైకెత్తితే కుడి అంచు పైన ఉందంటోంది. అంటే సెన్సర్ నిక్షేపంగా ఉంది, బోర్డు మీద దాన్ని 180 డిగ్రీలు తిప్పి అతికించారు, అంతే. తయారీదారు ఆ సంగతి విండోస్ డ్రైవర్ చెవిలో వేసి ఊరుకున్నాడు.

ఇలాంటివాటి కోసం లైనక్స్‌లో పరికరాల వివరాలు రాసుకునే యూడెవ్ హార్డ్‌వేర్ డేటాబేస్ ఉంది. మోడల్ పేరు, దాని కింద సెన్సర్‌ను ఎటు తిప్పి అతికించారో చెప్పే తొమ్మిది అంకెల మాత్రిక. మామూలుగా వికర్ణంలో మూడు ఒకట్లు, తక్కినవన్నీ సున్నాలు. నా మోడల్‌కు ఒక చిన్న ఫైలు రాసి, మొదటి రెండు ఒకట్ల ముందు మైనస్ గుర్తులు పెట్టి, డేటాబేస్‌ను తాజా చేసి, సెన్సర్ చెప్పింది డెస్క్‌టాప్‌కు చేరవేసే ఐఐఓ-సెన్సర్-ప్రాక్సీ అనే సేవను మళ్లీ మొదలుపెట్టాను. తెర దారికొచ్చింది. రెండే రెండు మైనస్ గుర్తులు! ఆ వరుసను ఈ డేటాబేస్‌ను చూసుకునే సిస్టమ్‌డీ ప్రాజెక్టుకు పంపాను. అదే మోడల్ కొన్న ఇంకొకరికి ఈ తిప్పలు ఎందుకు?

వేలిముద్ర సంగతి వేరు. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే 'ఎల్‌ఎస్‌యూఎస్‌బీ' (lsusb) ఆదేశం ఇస్తే రీడర్ ఐడీ కనిపిస్తుంది, కోలన్‌కు అటు నాలుగు, ఇటు నాలుగు అక్షరాలు. అది లైనక్స్‌లో వేలిముద్ర రీడర్లను నడిపే లిబ్‌ఎఫ్‌ప్రింట్ జాబితాలో ఉంటే సెట్టింగుల్లోకి వెళ్లి వేలు నమోదు చేసుకోవడమే. లేదంటే ఆశ వదులుకోండి. చిప్ మాట్లాడే భాషను తయారీదారు బయటపెట్టకపోతే డ్రైవర్ రాసేవాళ్లు మాత్రం ఏం చేస్తారు? పైగా పెట్టె మీద ఒకే మోడల్ పేరు పెట్టి లోపల చిప్‌లు మార్చేస్తారు. మిత్రుడి ల్యాప్‌టాప్‌లో పని చేసే వేలిముద్ర అదే పేరున్న నా దాంట్లో పని చేయదు. అందుకే పేరు చూసి చెప్పే హామీలేవీ నేను నమ్మను. ఐడీ చూపించాకే మాట.

కెమెరా యూఎస్‌బీది అయితే దిగులు లేదు, యూవీసీ అనే ఉమ్మడి ప్రమాణం ఉంది. పలచని కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నింట్లో మాత్రం దాన్ని ఫోన్ కెమెరాల్లా ఎంఐపీఐ అనే తీగలతో నేరుగా ప్రాసెసర్‌కు కలిపేస్తున్నారు. అది ముడి చిత్రమే ఇస్తుంది, రంగూ వెలుతురూ సర్దే పని లిబ్‌కెమెరా లాంటి సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది. అలాంటి కెమెరాల చిత్రాన్ని అందుకునే, ప్రాసెసర్‌లోని ఇంటెల్ ఐపీయూ6 ఇన్‌పుట్ భాగానికి డ్రైవర్ ప్రధాన కెర్నెల్‌లోకి చేరిందే 2024లో, 6.10 వెర్షన్‌తో. కాబట్టి మీది ఆ రకమైతే పాత కెర్నెల్‌తో కుస్తీ పట్టకండి.

విండోస్‌ను అప్పుడే చెరిపేయకుండా లైవ్ యూఎస్‌బీతో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ నడిపి, పైన చెప్పిన రెండు ఆదేశాలూ ఇచ్చి చూడండి. వచ్చింది వచ్చినట్టు ఇక్కడ పెడితే ఏది నడుస్తుందో చెబుతాను.