బోటు ఇంజన్‌లో ఆయిల్ లైటు వెలుగుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: పులికాట్‌లో పక్షులు చూడ్డానికి వచ్చేవాళ్లని ఫైబర్ బోటులో తిప్పుతుంటాం. ఇంజన్ సుజుకి 40 హార్స్‌పవర్, ఫోర్ స్ట్రోక్, రిమోట్ కంట్రోల్. వారం నుంచి తాళం తిప్పగానే ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటోంది, బజర్ రెండేసి సార్లు కూస్తోంది. ఆయిల్ చూస్తే నిండుగానే ఉంది. బ్యాటరీ వైరు ఊడదీసి పెట్టినా పోలేదు. ఇలాగే నడపొచ్చా? – ఒక పాఠకుడు, భీములవారిపాళెం

జవాబు: మీ ఇంజన్‌కి ఇప్పుడు జబ్బేమీ లేదు, సర్వీసు టైమైందని గుర్తుచేస్తోంది అంతే. లోపలి కంప్యూటర్ ఇంజన్ నడిచిన గంటల్ని లెక్కపెడుతుంది. కొత్తలో 20 గంటలకు, ఆపైన 80 గంటలకు, అక్కణ్నుంచి ప్రతి 100 గంటలకు ఈ లైటు వెలిగిస్తుంది. ఆయిల్ ఎంత ఉంది, ఎంత నల్లబడింది అన్నది దానికి తెలియదు. ఆ లెక్క బ్యాటరీలో ఉండదు కాబట్టి వైరు తీసినా చెరగదు.

అయితే ఇదే లైటు మరో రకంగానూ వెలుగుతుంది, ఆ తేడా బోటు నడిపే ప్రతి ఒక్కరికీ తెలిసి తీరాలి. ఇంజన్ నడుస్తుండగా లైటు మిణకకుండా నిలకడగా వెలిగి, బజర్ మోగి, వేగం దానంతటదే పడిపోతే ఆయిల్ ప్రెషర్ తగ్గిందని అర్థం. ఒడ్డు దాకా లాగుదామనుకోకండి. గాలీ నీరూ చూసుకుని వెంటనే ఆపి, ఆయిల్ మట్టం చూడండి. తక్కువైతే పోయండి. మట్టం సరిగ్గా ఉన్నా లైటు ఆరకపోతే ఇంకో బోటుకి తాడు కట్టి లాగించుకోండి. ప్రెషర్ లేకుండా కొద్దిసేపు తిప్పినా క్రాంక్ బేరింగులు పోవచ్చు. ఆ ఖర్చుకి పాత ఇంజన్ ఇంకోటి వస్తుంది.

మీ పనికి వద్దాం. ముందు ఆయిల్ మార్చండి, తర్వాతే లైటు ఆపండి. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడే ఆయిల్ పూర్తిగా దిగుతుంది. ఇంజన్‌ని నిట్టనిలువుగా దించి, మూత తీసి, ఆయిల్ పోసే బిరడా వదులు చేసి, కింద డబ్బా పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పండి. బోల్టు వాషర్ ఒకసారి నొక్కుకుపోయాక మళ్లీ పనికిరాదు. దాన్నే తిరిగి బిగిస్తే రెండు రోజులకే చుక్కచుక్కగా కారుతుంది, కొత్తది వేయండి. ఫిల్టర్ విప్పేటప్పుడు కింద గుడ్డ పెట్టండి. కొత్త ఫిల్టర్ రబ్బరు మీద వేలితో ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, రబ్బరు ఆనాక ముప్పాతిక చుట్టు బిగిస్తే చాలు. ఫిల్టర్‌తో కలిపి మీ మోడల్‌కి సుమారు 2.7 లీటర్లు పడుతుంది. ముందు 2.5 పోసి, కాసేపు తిప్పి ఆపి, ఐదు నిమిషాలాగి కొలకర్ర (డిప్‌స్టిక్) చూసి మిగతాది సర్దండి. 10డబ్ల్యూ-40 గ్రేడు కొనండి, డబ్బా మీద ఎఫ్‌సీ-డబ్ల్యూ (FC-W, ఫోర్ స్ట్రోక్ బోటు ఇంజన్ల ఆయిల్‌కి వేసే గుర్తు) అని ఉండాలి. బైకు ఆయిల్ పోయొద్దు. ఎఫ్‌సీ-డబ్ల్యూలో తుప్పును ఆపే మందులు ఉంటాయి, ఉప్పునీటి దగ్గర అదే అసలు అవసరం. దగ్గర్లో దొరక్కపోతే చెన్నై వెళ్లేవాళ్లతో తెప్పించుకోండి.

ఇక లైటు. తాళం ఆన్‌లో పెట్టండి, స్టార్ట్ చేయొద్దు. ఎమర్జెన్సీ స్విచ్‌కి తగిలించిన తాడు క్లిప్పు లాగేయండి. ఆ స్విచ్ బొత్తాన్ని 10 సెకన్లలోపు మూడుసార్లు బయటికి లాగి వదలండి. చిన్నగా ఒక్క కూత వినిపిస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైనట్టే. తాళం ఆఫ్ చేసి క్లిప్పు తగిలించండి. కూత రాకపోతే మీరు నెమ్మదిగా లాగారని అర్థం, మళ్లీ చేయండి. లైటు రాకముందే ఆయిల్ మార్చినా ఈ పని చేయాలి, లేకుంటే పాత లెక్క ప్రకారమే మళ్లీ కూస్తుంది. ఆయిల్ మార్చకుండా ఇలా చేసినా లైటు ఆగిపోతుంది. అందుకే మార్చిన తేదీ, గంటలు ఇంజన్ మూత లోపల పెయింట్ పెన్నుతో రాసిపెట్టుకోండి. పడవ చేతులు మారినా ఆ రాత ఉంటుంది.

ఆయిల్ నిండుగానే ఉందని రాశారు. ఎంత నిండుగా? పక్షులు బెదరకూడదని మీరు గంటల తరబడి బోటుని నత్తనడక నడిపిస్తారు. అలాంటప్పుడు ఇంజన్ సరిగ్గా వేడెక్కక, కాలని పెట్రోలు సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. కొలకర్ర మీది ఆయిల్ రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. నీళ్లలా పలచగా జారి, పెట్రోలు వాసన కొడితే, మట్టం పై గీత దాటితే, అది పాడైన ఆయిలే. 100 గంటల దాకా ఆగకండి, 50కే మార్చేయండి. రోజూ తిరిగొచ్చేటప్పుడు లోతున్న చోట పదిహేను నిమిషాలు సగానికి పైగా వేగంతో నడిపితే ఆ పెట్రోలు చాలావరకు ఆవిరైపోతుంది. అప్పటికీ తగ్గకపోతే థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని అదుపు చేసే కవాటం) తెరుచుకునే ఉండిపోయిందేమో చూపించండి.

ఆయిల్‌తో పాటే గేర్ ఆయిల్ కూడా మార్చండి. కింది బోల్టు తీశాక పాలు కలిపిన టీ రంగులో దిగితే నీళ్లు చొరబడ్డాయి. ప్రొపెల్లర్ షాఫ్టుకి చుట్టుకున్న వల దారమే చాలాసార్లు అక్కడ నీళ్లు రాకుండా ఆపే సీలును కోసేస్తుంది. అయస్కాంతం ఉన్న బోల్టు కొనకి మెత్తటి బూడిద ముద్ద అంటుకుంటే ఫర్వాలేదు, రజను ముక్కలు మెరిస్తే గేర్లు విప్పించాలి. కొత్తది కింది రంధ్రం నుంచే ఎక్కించండి. పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా వచ్చాక ముందు పై బోల్టు, ఆపైన కిందిది బిగించాలి. పైనుంచి పోస్తే గాలి ఇరుక్కుని సగమే నిండుతుంది.

ఆ లైటుకి ఉప్పూ తెలియదు, ఒండ్రూ తెలియదు. సీజను అయిపోయి బోటు ఒడ్డెక్కిస్తే, 100 గంటలు కాకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాల్సిందే. తీసిన పాత ఆయిల్ ఒక్క చుక్క కూడా సరస్సులో పడనీయకండి. డబ్బాలో పట్టి సూళ్లూరుపేటలోనో తడలోనో మెకానిక్ షెడ్డులో ఇవ్వండి, పాత ఆయిల్ కొనేవాళ్లు అక్కడికి వస్తారు.

ప్రశ్న: నాచు ఉన్న చోట నడుపుతుంటే వేడి లైటు వచ్చింది. ఆపి, శుభ్రం చేశాక పోయింది. మళ్లీ రాకుండా ఏం చేయాలి? – తడ నుంచి ఒకరు

జవాబు: వెనక సన్నగా చిమ్మే నీటిధార మీద కన్నేసి ఉంచండి. ధార తగ్గితే ముందు ఆ రంధ్రంలో నైలాన్ గాలపు తీగ దూర్చి చూడండి, ఇసుక అడ్డుపడి ఉండొచ్చు. అయినా రాకపోతే ఇంపెల్లర్ (నీటి పంపులో తిరిగే రబ్బరు చక్రం) రెక్కలు అరిగి ఉండొచ్చు. అడుగున్నర నీళ్లలో ప్రొపెల్లర్ బురద లేపినప్పుడల్లా ఆ బురదే పంపులోకి పోయి రబ్బరుని తింటుంది. మీ నీళ్లలో ఏటా మార్చడమే మంచిది. రోజూ పని అయ్యాక మంచినీటి పైపు తగిలించి ఐదు నిమిషాలు కడగండి. నీళ్లు లేకుండా ఒడ్డున ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దామని మాత్రం అనుకోవద్దు. కొన్ని సెకన్లకే ఆ రబ్బరు కాలిపోతుంది.

ప్రశ్న: చెరువు పనికి పాత హోండా ఔట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే ఇంజన్) కొన్నాం. ఇంజన్ నడుస్తున్నంతసేపూ పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. లోపమా? – చిత్తూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: కాదు. హోండాలో ఆయిల్ ప్రెషర్ బాగున్నప్పుడు పచ్చ లైటు వెలుగుతుంది, తగ్గితే ఆరిపోతుంది. అది ఆరినా, ఎర్ర లైటు వెలిగినా ఇంజన్ ఆపండి. పాత ఇంజన్ కాబట్టి ఇంకో మాట: బంకులో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఇలాంటి ఇంజన్ల పుస్తకాల్లో సాధారణంగా 10 శాతం వరకే ఒప్పుకుంటారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీళ్లు ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది. పెట్రోలు నెలలు నిల్వ ఉంచకండి. పని లేని రోజుల్లో ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టండి. ఫిల్టర్ గాజు గిన్నెలో నీటి పొర కనిపిస్తే తీసేసి తుడిచాకే స్టార్ట్ చేయండి.