దాత నిధులు ఆగిపోయాక వైద్య కేంద్రం బాధ్యత ఎవరిది?

ప్రశ్న: విదేశీ దాత సాయంతో మా స్వచ్ఛంద సంస్థ ఒక బస్తీలో గర్భిణులకు, మధుమేహ రోగులకు ఉచిత వైద్య కేంద్రాన్ని నడుపుతోంది. ఏడాదిన్నరలో ఆ సాయం ఆగిపోతుంది. నగరపాలక సంస్థ దీన్ని స్వీకరించాలంటే మేమేం చేయాలి?
– ఒక నిర్వాహకురాలు, సికింద్రాబాద్

జవాబు: మీకు కనీసం గడువైనా ఉంది. ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో మన హైదరాబాద్‌లో మొదలైన మిత్ర్ క్లినిక్‌కు ఆ వెసులుబాటు కూడా దక్కలేదు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపివేయగానే అది మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ అండతో సబ్‌రంగ్ పేరిట ఆ సేవలు తిరిగి మొదలయ్యాయి. రోగులకు అది ఊరటే గాని, ఒక దాత స్థానంలోకి మరో దాత రావడంతో మీరడిగిన సమస్య తీరదు.

మీరు చూడవలసిన ఉదాహరణ ఆవాహన్. గేట్స్ ఫౌండేషన్ 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో చేపట్టిన ఈ హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమాన్ని 2009, 2012 మధ్య విడతలవారీగా ప్రభుత్వానికి అప్పగించారు. అప్పగింతకు ముందే, అంటే దాత డబ్బు ఇంకా చేతిలో ఉండగానే, ఖర్చులనూ సిబ్బంది సంఖ్యనూ రికార్డులనూ ప్రభుత్వ ప్రమాణాలకు సర్దడం మొదలుపెట్టారు. నా దృష్టిలో అసలు కీలకం అదే. దాత ఇచ్చే జీతాలతో, దాత అడిగిన పద్ధతిలో నడిచే కేంద్రాన్ని ఉన్నపళంగా అప్పగిస్తే, ఏ అధికారికైనా దానికి బడ్జెట్‌లో పద్దూ, మంజూరైన పోస్టులూ కనబడవు.

ప్రజారోగ్యం రాజ్యాంగం 12వ షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన విషయాల్లో ఉన్నా, కమిషనర్‌కు వినతిపత్రం ఇచ్చినంత మాత్రాన పని జరగదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలలో (బస్తీల్లోని ప్రభుత్వ ఉచిత చిన్న వైద్య కేంద్రాలలో) కూడా నగరపాలక సంస్థతో పాటు వైద్య ఆరోగ్యశాఖకు, జాతీయ ఆరోగ్య మిషన్‌కు పాత్ర ఉంది. కాబట్టి పురపాలక వైద్యాధికారినీ జిల్లా వైద్యాధికారినీ ఒకే సమావేశంలో కూర్చోబెట్టి, ఏ ఖర్చు ఎవరి పద్దులో పడుతుందో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి అంచనాలు నెలల ముందే సిద్ధమవుతాయి గనుక మీకు నిజంగా మిగిలింది ఒక్క బడ్జెట్ అవకాశమే అనుకోవాలి. పదిహేనో ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి కేటాయించిన 70,051 కోట్ల రూపాయలు కూడా 2021–26 కాలానికే పరిమితం. గడువున్న నిధి స్థానంలో మరో గడువున్న నిధిని నమ్ముకోకండి.

సొంత ల్యాబ్‌ను నిలబెట్టాలని పట్టుబట్టకుండా, సమీపంలోని బస్తీ దవాఖానాలో మీ సేవలను కలిపి, రక్త నమూనాలు ప్రభుత్వ ఉచిత పరీక్షల వ్యవస్థ అయిన తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌కు వెళ్లే ఏర్పాటు అడగండి. మందులు ప్రభుత్వ ఇండెంట్ (సరఫరా కోరుతూ పంపే పత్రం) ద్వారా వచ్చేలా ఇప్పుడే ప్రయత్నిస్తే, ఏ మందు దొరకదో, ఏది ఆలస్యమవుతుందో ముందే తెలుస్తుంది. ఇంటింటికీ తిరిగే మీ కార్యకర్తల సంగతే కష్టం. వారికి సరిపోయే పోస్టు ప్రభుత్వంలో ఉండకపోవచ్చు. వారు తిరిగే ఇళ్ల జాబితానూ, చికిత్స మధ్యలో మానేసే రోగుల వివరాలనూ, ఆ రోగుల అనుమతితో, ఆశా కార్యకర్తలకు అందించి, కొన్ని నెలలు ఇద్దరినీ కలిపి తిప్పండి. జీతాలు తగ్గవచ్చన్న సంగతి సిబ్బందికి దాచకుండా చెప్పండి.

ప్రశ్న: దాత కొనిచ్చిన స్కానింగ్ యంత్రాన్ని ప్రభుత్వ ఆసుపత్రికి ఇచ్చేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: సరిపోదు. అల్ట్రాసౌండ్ యంత్రమైతే లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద కొత్త చోట నమోదు తప్పనిసరి. ఆసుపత్రి స్టాకు రిజిస్టర్‌లోకి ఎక్కించి, వార్షిక నిర్వహణ ఒప్పందం ఖర్చు ఎవరు భరిస్తారో తేలాకే యంత్రాన్ని కదిలించండి.