చాయ్ చాలు

సందేహం: ఢిల్లీలో చదువుకునే మా మనవరాలు సెలవులకు వచ్చినప్పుడు చాలు, చాప, జడ అనే మాటలను చీమ, జీతం మాటల్లోని చ, జలతోనే పలుకుతోంది. మేం నవ్వితే "అక్షరం ఒకటే కదా తాతా" అంటోంది. ఏం చెప్పాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: అక్షరం ఒకటే, నిజమే. ధ్వనులు మాత్రం రెండు. చౌరస్తాలో ఎవరినైనా "ఇంకో చాయ్ తాగుతరా?" అని అడగండి. "చాయ్ చాలు" అంటారు. ఆ రెండు మాటల్లో చకారాలు వేరు. మొదటిదానికి నాలుక నడుమ లేచి అంగిలికి ఆనుతుంది. ఇది తాలవ్యం. రెండోదానికి నాలుక కొస పైపళ్ల వెనక ఆని, త అనబోయి స లోకి జారుతుంది. ఇది దంత్యం. మెల్లగా రెండుసార్లు అనుకుంటే మీకే తెలుస్తుంది.

అచ్చతెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏలతో కూడిన చ, జలు తాలవ్యాలు. అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ, ఔలతో కూడినవి దంత్యాలు. చిన్నయ సూరి బాలవ్యాకరణంలో ఉన్నదే. చెన్నూరులో చ తాలవ్యం, జమ్మికుంటలో జ దంత్యం అయింది అందుకే. సంస్కృతం నుంచి వచ్చిన చంద్రుడు, జలం, ఉర్దూ నుంచి వచ్చిన చాయ్ ఈ లెక్కలోకి రావు.

ఉర్దూ అన్నాను కాబట్టి మన దగ్గరి ముచ్చట ఒకటి. ఉర్దూలో నాలుక ఎక్కడా గట్టిగా ఆనకుండా, గాలి రాపిడితో పలికే జకారం ఒకటుంది. బజార్, జర మాటల్లో ఉన్నది అదే. మనకది లేదు గనుక దగ్గరగా ఉన్న దంత్య జకారంతో సరిపెట్టుకున్నాం. "జర ఆగు" అంటే దంత్యం. అదే మనిషి "జెర ఆగు" అంటే ఎకారం తగిలి తాలవ్యం! కాజీపేట సంగతీ అంతే. స్టేషన్ బోర్డు మీద ఇంగ్లీషులో జెడ్ ఉన్నా, ఈకారం వల్ల మన నోట అది తాలవ్యమే. జూ, జీరో అని చూడండి, రెండూ జెడ్‌తో మొదలయ్యేవే.

మీ మనవరాలు రోజూ వినే హిందీలో దంత్య చకారం లేదు, అందుకే తికమక. ఆదిలాబాద్ దాటితే మరాఠీలో ఉంది. అక్కడ చాక్ (చక్రం) దంత్యం, చార్ (నాలుగు) తాలవ్యం. రెండింటిలోనూ ఆకారమే కాబట్టి మన సూత్రం పనిచేయదు, మాట మాటకూ నేర్చుకోవాల్సిందే. దూరాన జపాన్ వాళ్లు మాత్రం మనకు చుట్టాల్లా కనిపిస్తారు. వాళ్ల తకార వరుసలో ఇకారం వస్తే తాలవ్య చకారం, ఉకారం వస్తే దంత్యం. సునామీ వాళ్ల నోట "ౘునామి". మనం చక్కగా రాయగలిగిన మాటే, ఇంగ్లీషు మీదుగా తెచ్చుకుని స చేసుకున్నాం.

పైన వాడిన ౘ, దాని జోడు ౙ నిఘంటువుల్లో కనిపిస్తాయి. 2008లో యూనికోడ్‌లోకీ ఎక్కాయి. రోజువారీ రాతలో వాటి అవసరం నాకైతే కనిపించదు.

పాపకు సూత్రాలు వద్దు. ఇంగ్లీషులో "క్యాట్స్" అనమనండి. ఆ చివరి ధ్వనిని పట్టుకుని, వెనకే "ఆలు" చేర్చమనండి.