పాత బండి, అసలు రంగు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది 1978 ప్రీమియర్ పద్మిని. ఆర్సీలో 'గ్రీన్' అని ఒక్క ముక్కే ఉంది. బానెట్ మీది రంగును నెల్లూరులో, పెయింటు కొట్లో షేడు చదివి ఫార్ములా ఇచ్చే మెషీన్‌కు చూపించి కలిపించాం. తీరా కొట్టాక సున్నం కలిపిన ఆకుపచ్చలా ఉంది. తప్పెక్కడ జరిగింది? – పాఠకుడు, కావలి

జవాబు: మెషీన్ తప్పు చెప్పలేదండీ. నలభై ఏళ్లకు పైగా ఎండకు మాడిన బానెట్ ఎలా ఉందో అలాగే చదివింది. ఎండకు రంగులోని జిగురు చచ్చిపోయి, పొడి పైకి తేలుతుంది. వేలితో రుద్దితే తెల్లగా అంటేది అదే. ఆ వెలిసిన షేడునే మీరు డబ్బాలకొద్దీ కొన్నారు.

ఎండ సోకని చోటు వెతకాలి. డిక్కీ రబ్బరు బీడింగు కింద, తలుపు లోపలి రెక్సిన్ ప్యాడ్ వెనక, టెయిల్ ల్యాంపు విప్పితే దాని రబ్బరు కింద, డ్యాష్‌బోర్డు అడుగున చూడండి. బానెట్ లోపలి వైపు మాత్రం నమ్మొద్దు. ఇంజను వేడికి, ఆయిలు ఆవిరికి అక్కడి రంగు మారిపోయి ఉంటుంది. దొరికిన చోట షాంపూ నీళ్లతో కడిగి, జిడ్డు తీసి, 2000 నంబరు వాటర్ పేపరును తడిపి మెల్లగా రుద్ది, రబ్బింగ్ కాంపౌండుతో మెరుగు పెట్టండి. మెరుపు లేని రంగు కంటికీ మెషీన్‌కీ కూడా లేతగానే కనిపిస్తుంది.

అది కంపెనీ రంగేనా, మధ్యలో ఎవరైనా కొట్టించిందా అన్నది ఇంకో పేచీ. తలుపు హింజి దగ్గర రూపాయి బిళ్లంత చోట 400 పేపరుతో రేకు తేలేదాకా రుద్ది, తర్వాత 800తో అంచులను వాలుగా తీయండి. కోసిన ఉల్లిపాయలా పొరలు విచ్చుకుంటాయి. నడుమ రేకు, దాని చుట్టూ ప్రైమరు, ఆ ప్రైమరును ఆనుకుని ఉన్న మొదటి రంగు కంపెనీది. బయటి వలయాలన్నీ తర్వాత షెడ్లలో పడ్డవి. లప్పం కనిపించిందంటే అక్కడ టింకరింగ్ (సొట్టలు తీసే పని) జరిగినట్టే, ఆ చోటు వదిలేయండి.

మెషీన్ ఇచ్చే ఫార్ములా ఆరంభం మాత్రమే. ముందు 100 మి.లీ. కలిపించండి. రేకు ముక్క మీద నలుపు, తెలుపు పట్టీలు వేసి, ఆ రెండూ కనబడకుండా పోయేదాకా స్ప్రే గన్నుతో పూత మీద పూత కొట్టండి. బ్రష్షుతో పూస్తే షేడు వేరేగా వస్తుంది. ఒక రోజు ఆరనిచ్చాకే అసలు రంగు పక్కన పెట్టి చూడండి, ఎందుకంటే మెటాలిక్ కాని రంగులు ఆరితే సాధారణంగా ఒక పిసరు ముదురుతాయి. తడి మీద సరిపోయిందని సంబరపడేవాళ్లే ఎక్కువ మోసపోతారు. తేడా ఉంటే చుక్కల లెక్కన సరిచేయండి. ముదురు చేయాలని నలుపు మాత్రం ఒంపేయకండి, పచ్చదనం పోయి బురద తేలుతుంది.

ప్రశ్న: మా తెల్ల అంబాసిడర్ తలుపు ప్యాడ్ విప్పితే లోపల మీగడ రంగు ఉంది. అసలు రంగు అదేనా? – పాఠకురాలు, ఒంగోలు

జవాబు: తొందరపడకండమ్మా. పైన చెప్పిన సూత్రం తెలుపు దగ్గర తిరగబడుతుంది. ఆల్కిడ్ రకం (నూనె కలిసిన జిగురుతో చేసే) తెల్ల ఎనామెల్ ఎండలో కంటే చీకట్లోనే పసుపెక్కుతుంది. ఆ ప్యాడ్ విప్పేసి, లోపలి రంగులో సగానికి అల్యూమినియం రేకు కాగితం అంటించి, తలుపు తీసి రోజూ కొన్ని గంటలు ఎండ తగలనివ్వండి. వారం పది రోజులకు కాగితం తీసి చూడండి. ఎండ తగిలిన సగం తెల్లబడితే మీ బండిది తెలుపే. రెండు సగాలూ ఒకేలా ఉంటే మీగడ రంగే అయ్యుండొచ్చు. అప్పుడు ఇంకో రెండు చోట్ల కూడా చూసుకుని నిర్ణయించుకోండి.

ప్రశ్న: షెడ్డులో అతికినట్టు సరిపోయిన షేడు రోడ్డు మీదికి రాగానే తేడాగా కనిపిస్తోంది. – పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: ట్యూబులైటు కింద సరిపెట్టారు. వేర్వేరు రంగు పొడులతో కలిపిన రెండు పెయింట్లు ఒక వెలుతురులో ఒకటిగానూ, ఇంకో వెలుతురులో రెండుగానూ కనిపించొచ్చు. పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య నీడపట్టున చూసి, తర్వాత ఎండలో, చివరికి ట్యూబులైటు కింద చూడండి. మూడు చోట్లా నిలిస్తేనే ఒప్పుకోండి.

ప్రశ్న: పాత రంగు మీదే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు కొట్టేద్దామని మా పెయింటర్ అంటున్నాడు. పీయూ (పాలీయూరిథేన్) మంచిదని ఇంకొకరు అంటున్నారు. ఎంత కొనాలి? ఎప్పుడు కొట్టించాలి? – పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందు కింద ఉన్నదేంటో తేల్చుకోండి. కనబడని చోట ఎన్‌సీ థిన్నరులో ముంచిన గుడ్డను అర నిమిషం అదిమి పెట్టండి. రంగు గుడ్డకు దిగితే కింద ఉన్నది ఎన్‌సీ. ముడతలు పడితే సింథటిక్, అంటే గాలికి ఆరే మామూలు ఎనామెల్. ఏమీ కాకపోతే బట్టీలో కాల్చిన ఎనామెలో, పీయూనో అనుకోవచ్చు. సింథటిక్ మీద ఎన్‌సీ కొడితే మొత్తం ముడుచుకుని లేస్తుంది, రేకు దాకా గీకడం తప్ప దారి ఉండదు.

పాత బండి మెరుపు అచ్చంగా కావాలంటే ఎన్‌సీనే అందం, కానీ ఏటా పాలిష్ చేయించే ఓపిక ఉండాలి. బయట తిరిగే బండికి పీయూ మేలు. తలుపు సందులు, డిక్కీ లోపలితో కలిపి హార్డెనరు (పీయూను గట్టిపరిచే ద్రవం), థిన్నరు పోయకముందు సుమారు మూడున్నర నుంచి నాలుగు లీటర్లు పడుతుంది. డబ్బాకూ డబ్బాకూ షేడు కాస్త మారుతుంది కాబట్టి అన్నీ ఒకే బకెట్లో కలిపాకే మొదలుపెట్టండి. అందులోంచి అర లీటరు, హార్డెనరు కలపకుండా, గట్టి మూత టిన్నులో దాచుకోండి. రేపు గీత పడితే అదే దిక్కు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు. ఆ చెమ్మకు ఎన్‌సీ మీద తెల్లటి మబ్బు కమ్ముతుంది, పీయూ బుడగలు పోతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో థిన్నరు రేకును చేరకముందే ఆరిపోయి, రంగు గరుగ్గా, లేతగా పడుతుంది. జనవరి, ఫిబ్రవరి ఉదయాలు బాగుంటాయి, మంచు విడిచాక మొదలుపెట్టండి. ఎండల్లోనే తప్పదంటే నిదానంగా ఆరే థిన్నరు అడగండి. పీయూ హార్డెనరులో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని కొట్టే పెయింటర్‌కు బండి అప్పగించకండి, బయటి గాలి అందించే మాస్కు ఉన్న షెడ్డు చూసుకోండి.