పెరటి పిట్టలు, సొరబుర్రలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పది రోజులుగా ఒక పిట్ట తెల్లవారగానే వచ్చి మా కిటికీ అద్దాన్ని టకటకా పొడుస్తోంది. గింజలు వేసినా ముట్టడం లేదు. ఇది ఆకలా, లేక ఏదైనా జబ్బా?

జవాబు: ఆకలీ కాదు, జబ్బూ కాదు. అద్దంలో కనబడుతున్న తన ప్రతిబింబాన్ని పోటీకి వచ్చిన మరో పిట్ట అనుకుని అది కలబడుతోంది. చలి పూర్తిగా తగ్గకముందే, పగటిపొద్దు పెరుగుతుండగా పక్షుల ఒంట్లో మార్పు మొదలవుతుంది. విశేషమేమిటంటే, ఈ పొద్దు పెరుగుదలను పసిగట్టడానికి పక్షికి కళ్లే అక్కరలేదు. పుర్రె గుండా లోపలికి చేరే వెలుతురును మెదడులోని కొన్ని కణాలు గుర్తించి, చలికాలమంతా ముడుచుకుపోయి ఉన్న సంతానోత్పత్తి అవయవాలను మేల్కొలుపుతాయి. అప్పుడే మగపిట్ట పాట అందుకుంటుంది, తన హద్దులోకి వచ్చిన పోటీదారును తరమడమూ మొదలుపెడుతుంది. గది లోపలివైపు ముదురురంగు తెర వేస్తే ప్రతిబింబం ఇంకా స్పష్టమై గొడవ పెరుగుతుంది. కాబట్టి బయటివైపున పాత దుప్పటి కట్టండి, లేదా అద్దానికి సబ్బునీళ్లు పూసి ఆరనివ్వండి. ఏమీ చేయకపోయినా, గూడు కట్టే కాలం గడిచేసరికి ఈ కయ్యం దానంతటదే సద్దుమణుగుతుంది.

ప్రశ్న: పక్షులకు గూళ్లు చేద్దామని నిరుడు సొరతీగ పెంచాను. పందిరి నిండా పూసింది కానీ బుర్ర ఒక్కటీ నిలవలేదు. ఈసారి ఏం చేయాలి?

జవాబు: సొరకు, అంటే ఆనపకు, మగపూలూ ఆడపూలూ వేరువేరుగా పూస్తాయి. ముందుగా పూసేవి మగపూలే. అవి రాలిపోవడం చూసి చాలామంది కంగారుపడతారు, ఆ కంగారు అనవసరం. పువ్వు అడుగున నూగుతో, వేలికొసంత పిందె ఉంటే అది ఆడపువ్వు. ఈ తెల్లని పూలు సాయంకాలం విచ్చుకుని మర్నాటికి వాడిపోతాయి కనుక, పగలు తిరిగే తేనెటీగల కంటే రాత్రి తిరిగే చిమ్మటలే వీటికి ఎక్కువ అక్కరకు వస్తాయి. అవి రాని పెరట్లో పిందె పసుపుబారి రాలిపోతుంది. మీ పందిరిలో జరిగింది ఇదేనని నా అనుమానం. పొద్దుగూకాక అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు నడిమికి మెల్లగా అద్దండి. ప్రధాన తీగ రెండు మూడు మీటర్లు పాకిన తరువాత కొస తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. ఆడపూలు వాటి మీదే ఎక్కువ.

విత్తనం పెంకు గట్టిది, అందుచేత ఒక రాత్రంతా నానబెట్టి వేయండి. మంచు కురిసే రోజులు పోయి నేల వెచ్చబడేదాకా, అంటే సుమారు 20 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా, పాదులో పెట్టవద్దు. చలినేలలో విత్తనం మొలవక కుళ్లుతుంది. తొందర ఉన్నవారు మూడు నాలుగు వారాల ముందుగా కుండీలో మొలిపించుకోవచ్చు. బుర్ర పూర్తిగా ముదరడానికి నాలుగు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది, ఎండటానికి మరికొన్ని నెలలు కావాలి. ఇప్పుడు విత్తి ఈ వసంతానికే గూడు కావాలంటే కుదరదు, ఇది వచ్చే ఏటి పిట్టకు ఇల్లు.

ప్రశ్న: కోసి దాచిన సొరబుర్రల మీద నల్లని బూజు పట్టింది. పారేయాలా?

జవాబు: తొందరపడి పారేయకండి. లోపలి తేమ పెంకు గుండా బయటికి వస్తున్నంత కాలం పైన బూజు పట్టడం మామూలే. వేలితో నొక్కి చూడండి: మెత్తగా దిగబడితే కుళ్లినట్టే, గట్టిగా ఉంటే గాలి తగిలేచోట ఒకదానికొకటి తగలకుండా వేలాడదీసి ఉంచండి. మూడు నుంచి ఆరు నెలలకు బుర్ర దూదిలా తేలికై, ఊపితే లోపల గింజలు గలగలలాడతాయి. అప్పుడు గోరువెచ్చని నీటిలో నానబెట్టి పైపొర గీకేయండి. తడిమీదే కోస్తే దుమ్ము లేవదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక ముక్కుకు గుడ్డ కట్టుకోవడం తప్పనిసరి.

ద్వారం ఎంత ఉండాలన్నది వచ్చే పిట్టను బట్టి ఉంటుంది. పిచ్చుకకు 3.2 సెంటీమీటర్లు చాలు. అంతకంటే పెద్దది చేస్తే గుడ్లు దొంగిలించే పక్షులకూ దారి ఇచ్చినట్టవుతుంది. గుండ్రని భాగం నడుమ, అడుగు నుంచి పన్నెండు సెంటీమీటర్లకు తగ్గకుండా పెట్టండి. వాననీరు పోవడానికి అడుగున నాలుగైదు చిన్న రంధ్రాలు, వేలాడదీసే తీగకు మెడలో రెండు. ద్వారం కింద పుల్ల గుచ్చవద్దు, చూడముచ్చటగా ఉంటుందే తప్ప పిట్టకు దాని అవసరం లేదు, దాడి చేసే జీవికి మాత్రం పట్టు దొరుకుతుంది. ఉత్తర అమెరికాలో పర్పుల్ మార్టిన్ అనే వానకోయిల జాతి పక్షికి అక్కడి ఆదివాసులు పూర్వమే ఇలా సొరబుర్రలు కట్టేవారు. ఆ ఖండపు తూర్పు భాగంలో ఇప్పుడు ఆ పక్షి దాదాపు పూర్తిగా మనుషులు అమర్చిన గూళ్లలోనే పిల్లలను పెడుతోంది.

ప్రశ్న: చలికాలమంతా గింజలు పెట్టాం. ఇక మానేయవచ్చా?

జవాబు: మానేయవచ్చు. కొనసాగిస్తే మాత్రం పాత్రను వారానికొకసారి కడిగి, తడిసిన గింజలు పారబోయండి. బూజు గింజలు పిట్టలకు ప్రాణాంతకం. గింజలు తినే పక్షుల్లోనూ చాలావరకు పిల్లలకు పురుగులనే తినిపిస్తాయి, కాబట్టి సొరతీగ మీద పురుగుమందు చల్లకండి. లేత ఆకులు కొరికే ఎర్రపెంకు పురుగులను పొద్దున్నే, చలికి మందకొడిగా ఉన్నప్పుడు, చేత్తో ఏరేయవచ్చు. వెడల్పాటి పళ్లెంలో రెండు మూడు సెంటీమీటర్ల లోతున నీళ్లు పోసి, రోజూ మార్చండి.